బిళ్ళగన్నేరు లాభంలో ఎవరి వాటా ఎంత?

అంతర్వేది, ఓడలరేవు ఇసుక నేలల్లోనూ, అమలాపురంలో ఇళ్ల ముందు కుండీల్లోనూ మనం రోజూ చూసే మొక్క బిళ్ళగన్నేరు. చేదు ఆకు, పశువులు ముట్టవు. దీని పుట్టిల్లు మడగాస్కర్. అక్కడి నుంచి వేడి దేశాలన్నిటికీ పాకింది.

ఈ ఆకు కాచి తాగితే షుగర్ తగ్గుతుందని చాలా దేశాల పల్లెల్లో నమ్మకం. 1952లో జమైకాలోని ఒక డాక్టర్ ఆ మాట విని, కొన్ని ఆకులు కవర్లో పెట్టి కెనడాకు పంపాడు. వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నోబుల్ ఆ రసాన్ని ఎలుకలకు తాగిస్తే షుగర్‌లో తేడా ఏమీ రాలేదు. సూదితో ఎక్కిస్తే మాత్రం ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి, ఎందుకంటే తెల్లరక్తకణాలు పడిపోయాయి. లుకేమియా అంటే ఆ కణాలు అదుపు తప్పి పెరగడమే కదా! చార్లెస్ బీర్‌తో కలిసి ఆయన వేరుచేసిన పదార్థం విన్‌బ్లాస్టిన్. 1958లో లోకానికి చెప్పారు. అదే మొక్క మీద పనిచేస్తున్న ఎలై లిల్లీ కంపెనీ తెచ్చిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది.

కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను అటూ ఇటూ లాగే సన్నటి దారాలుంటాయి. ఈ మందులు ఆ దారాలను అల్లుకోనివ్వవు. చీలలేక కణం చచ్చిపోతుంది. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు 500 కిలోలకు పైగా ఎండుటాకు కావాలి, విన్‌క్రిస్టిన్‌కైతే 2,000 కిలోల పైమాటే. అందుకే ఎవరూ పెరట్లో ఆకు కాచుకుని తాగొద్దు. అది వైద్యం కాదు, విషం.

పిల్లల లుకేమియాకు విన్‌క్రిస్టిన్‌తో పాటు ఇచ్చే ఇంకో మందు మెథోట్రెక్సేట్. రాజోలు నుంచి వశిష్ట దాటితే నరసాపురం, ఆ పైన భీమవరం. ఆ భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసింది అది. ఆయన పేరు మనకు తెలుసు. జమైకాలో ఆ కషాయం కాచుకున్న వాళ్ల పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

మన పెద్దలకు అన్నీ ముందే తెలుసని గొప్పలు పోవడం మాకు ఇష్టం లేదు. పల్లె చెప్పింది షుగర్ గురించి, క్యాన్సర్ సంగతి తేల్చింది ప్రయోగశాల. కానీ ఏ ఆకు వైపు చూడాలో చూపించింది పల్లే. మందుల లాభంలో మడగాస్కర్‌కు వాటా రాలేదు. కేరళలో కాణి ఆదివాసులు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్కతో చేసిన 'జీవని' మందుకు 1995లో లైసెన్సు ఇచ్చినప్పుడు మాత్రం, ఆ రుసుములోనూ రాయల్టీలోనూ సగం కాణీలకు అని ఒప్పుకున్నారు. అడిగితే దారి ఉంటుందన్నమాట.

చట్టాలూ ఉన్నాయి. అటవీ హక్కుల చట్టం, 2006లోని 3(1)(k) మన మొక్కల జ్ఞానం మీద సమష్టి హక్కును గుర్తిస్తుంది. అది అడవి ఊళ్లకు. కోనసీమ షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, ఇక్కడి యానాది, ఎరుకల పేటలకు ఆసరా 2002 జీవవైవిధ్య చట్టం. దాని కింద ప్రతి పంచాయతీలోనూ కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మన ఊరి రిజిస్టర్లో ఏం రాశారో పంచాయతీకి వెళ్లి అడగండి. అమ్మమ్మలు, తాతలు చెప్పే ఆకులు అందులో ఉన్నాయా, చెప్పినవాళ్ల పేర్లు ఉన్నాయా చూసి ఇక్కడ రాయండి.