నవంబరు 15: ఒకే తేదీ, ఎన్నో జ్ఞాపకాలు



మా హాస్టల్ అడ్మిషన్ రిజిస్టరు తిరగేస్తే ఒక వింత కనిపిస్తుంది. పిల్లల్లో చాలామంది జూన్ నెలలోనే పుట్టినట్టు ఉంటుంది. బడులు తెరిచేది జూన్‌లో కదా! చేర్చేటప్పుడు తల్లిదండ్రులు తేదీ చెప్పలేకపోతే, రాసేవారు ఆ నెలనే వేసేస్తారు. అదే తల్లిని నెమ్మదిగా అడిగితే, "ఇప్పపూలు రాలే కాలంలో పుట్టింది సార్, ఆ రోజు సంత" అని గుర్తుచేసుకుని చెబుతుంది. ఆ మాట రాయడానికి రిజిస్టరులో గడి లేదు.

ఈ సంగతి మాకు ప్రతి ఏటా నవంబరు 15న గుర్తొస్తుంది. అది భగవాన్ బిర్సా ముండా జయంతి. నేటి జార్ఖండ్‌లోని ఉలిహాతు గ్రామంలో 1875లో ఆయన జన్మించినట్టు చదువుకుంటాం. ముండాలలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టే ఆచారం ఉంది. గురువారం పుట్టాడు కాబట్టి బిర్సా అని పిలిచారని చెబుతారు. మన ఊళ్లలో సోమన్న, మంగ, బుద్రు అనే పేర్లు పెట్టినట్టే ఇదీ. ఒకసారి మా పిల్లల చేత వెనక్కి లెక్క వేయించాం. 1875 నవంబరు 15 సోమవారం అని తేలింది! పిల్లలు తెల్లబోయారు. "మరి బిర్సాకు కూడా తేదీ ఎవరో తర్వాత రాశారా మేడమ్?" అని ఒక పాప అడిగింది. అయి ఉండవచ్చు. అంతమాత్రాన ఆయన పోరాటం తగ్గిపోదు.

తమ పూర్వికులు అడవి కొట్టి సాగులోకి తెచ్చిన భూములు జమీందార్ల, వడ్డీ వ్యాపారుల పాలవుతుంటే బిర్సా ముండాలను కూడగట్టాడు. 1899-1900లో సాగిన ఆ తిరుగుబాటునే 'ఉల్‌గులాన్' అంటారు. 1900 ఫిబ్రవరిలో ఆయన్ను పట్టుకున్నారు. జూన్ 9న రాంచీ జైలులో ప్రాణం విడిచాడు. అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఆ పోరాటం వృథా కాలేదు. 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చి, ఆదివాసీ భూములు బయటివారి చేతుల్లోకి పోకుండా కొంత అడ్డుకట్ట వేసింది. మన ఏజెన్సీలో పెద్దలు చెప్పే '1/70 చట్టం' కూడా భూమిని కాపాడేందుకు వచ్చినదే.

ఇదే నవంబరు 15న, 1982లో, వినోబా భావే పవనార్ ఆశ్రమంలో కన్నుమూశారు. మన తెలుగు నేలతో ఆయనకున్న బంధం పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న అక్కడి భూమిలేని దళితులు 80 ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడే మొదలైంది. ఉన్న భూమి పోకూడదని ఒకరు పోరాడితే, లేనివారికి భూమి ఇమ్మని మరొకరు ఊరూరా నడిచారు. ఒకరి జయంతి, మరొకరి వర్ధంతి ఒకే రోజున పడ్డాయి. హైదరాబాద్‌లో పెరిగిన టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా పుట్టినరోజు కూడా 1986 నవంబరు 15. ఆటలంటే ఇష్టపడే మా బాలికలకు ఈ సంగతి చెబితే ఎంతో సంబరపడతారు.

ఇవి అనుకోకుండా కలిసిన తేదీలు. మరికొన్ని కావాలని ఎంచుకున్నవి. 2000లో జార్ఖండ్ రాష్ట్రం నవంబరు 15నే ఏర్పడింది. బిర్సా జయంతి కాబట్టే ఆ రోజును ఎంచుకున్నారు. 2021 నుంచి కేంద్ర ప్రభుత్వం ఈ రోజును జనజాతీయ గౌరవ దినంగా జరుపుతోంది.

మనకు తేదీ లేకుండా గుర్తుంచుకునే పద్ధతి కూడా ఉంది. జోడేఘాట్‌లో కొమురం భీం వర్ధంతిని ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుతారు. క్యాలెండరులో ఆ తేదీ ఏటా మారుతుంది. అయినా జనం మరచిపోరు, వస్తూనే ఉంటారు.

అలాగని కాగితం మీది తేదీని తేలిగ్గా తీసుకోకండి. మా దగ్గర చదివి వెళ్లిన ఒక అబ్బాయికి బడి సర్టిఫికెట్‌లో ఒక ఏడాది, ఆధార్‌లో మరో ఏడాది పడ్డాయి. ఉద్యోగానికి ఎంపికై కూడా, ఆ తేడా సరిచేయించుకోవడానికి నెలల తరబడి తిరిగాడు. అతను తిరుగుతుంటే మేము చూడలేకపోయాం. చేర్చుకునేటప్పుడు ఇంకాస్త ఓపికగా అడిగి రాసి ఉంటే బాగుండేదని మాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి ఈ నవంబరు 15న మీరు రెండు పనులు చేయండి. మీ సర్టిఫికెట్లన్నీ ముందేసుకుని తేదీలు ఒకటిగా ఉన్నాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. తర్వాత మీ అమ్మ దగ్గరో అవ్వ దగ్గరో కూర్చుని, మీరు పుట్టినప్పుడు ఏ పంట కోతకొచ్చిందో, ఏ పండుగ దగ్గర్లో ఉందో, మీ పేరు ఎవరు పెట్టారో అడిగి నోటుబుక్కులో రాసుకోండి. మా పిల్లల కోసం మేము ఒక నోటుబుక్కు పెట్టాం. దాని మొదటి పేజీలో సంత రోజున పుట్టిన ఆ పాప పేరు ఉంది.