అయిదు గళ్ళ పంచాంగం

ఆంధ్రప్రదేశ్‌లో వినగడపలాంటి ఊళ్ళో బోరు మోటారున్న రైతుకు ఆటో స్టార్టర్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. వ్యవసాయానికి కరెంటు ఏ రాత్రి వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో టార్చిలైటు పట్టుకుని, పాములకు భయపడుతూ చేను దాకా నడిచే బాధ తప్పించిన పెట్టె అది. కరెంటు రాగానే మోటారును తనంతట తానే ఆన్ చేస్తుంది. రైతు మంచం దిగక్కర్లేదు. చిక్కల్లా ఒకటే. కరెంటు వచ్చిన క్షణంలోనే ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి. ఆ బరువుకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఊరంతా ఎండిన మడి చూస్తూ కూర్చోవాలి. సరిహద్దు అవతల తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తున్నప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను ప్రత్యేకంగా అడగాల్సి వచ్చింది.

మనిషి నిద్రపోతున్నప్పుడు పని జరగాలన్న కోరిక కంప్యూటర్ల వాళ్ళకూ ఉంది. వాళ్ళు చేసుకున్న ఆటో స్టార్టర్ పేరు క్రాన్. దీన్ని లేపేది కరెంటు కాదు, గడియారం.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టిన ఇంట్లోనే క్రాన్ కూడా పుట్టింది. రాసింది కెన్ థాంప్సన్. కాలానికి గ్రీకులో ఉన్న ‘క్రోనోస్’ అన్న మాట నుంచి ఆ పేరు తీశాడు. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లో అది ఎంత సాదాగా ఉండేదో చూస్తే ముచ్చటేస్తుంది. ఒక పట్టిక చదువుతుంది. ఈ నిమిషానికి చేయాల్సిన పనేమైనా ఉంటే చేయిస్తుంది. నిమిషం నిద్రపోతుంది. లేచి మళ్ళీ అదే పట్టిక చదువుతుంది. ఊరి తలారికి ఇంతకన్నా ఎక్కువ తెలివి కావాల్సి వచ్చేది.

ఆ పట్టికే క్రాంటాబ్. ఒక్కో పనికి ఒక్కో వరస, వరస మొదట్లో అయిదు గళ్ళు: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. మన పంచాంగానికీ అంగాలు అయిదే: తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది వారం ఒక్కటే. నక్షత్రం క్రాంటాబ్‌లోనూ ఉంది గానీ అది ఆకాశంలోది కాదు. గడిలో నక్షత్రం గుర్తు పెడితే ‘ఏదైనా సరే’ అని అర్థం. ‘30 5 * * *’ అని రాస్తే రోజూ తెల్లవారుజామున అయిదున్నరకు. ‘0 10 24 * *’ అని రాస్తే ప్రతి నెలా 24న ఉదయం పదింటికి. ఏకాదశి నాడు మాత్రమే ఒక పని చేయమని ఈ గళ్ళలో రాయడం కుదరదు. చంద్రుడి సంగతి దానికి పట్టదు.

థాంప్సన్ పద్ధతి యంత్రం మొత్తానికి ఒక పట్టిక ఉన్నంతవరకు బాగానే నడిచింది. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వందమంది ఒకే వాక్స్ యంత్రాన్ని పంచుకుంటున్న రోజుల్లో, ఎవరి పట్టిక వాళ్ళకు ఇవ్వాలనుకునేసరికి తట్టుకోలేకపోయింది. నిమిషానికోసారి వంద పట్టికలు చదవడమంటే అసలు పని కన్నా కాపలాయే బరువు. అక్కడివాళ్ళు లెక్క తిప్పేశారు. ప్రతి పనీ మళ్ళీ ఎప్పుడు చేయాలో ముందే గుణించి వరసలో నిలబెట్టడం, అందరికన్నా ముందున్న దాని వేళ దాకా హాయిగా పడుకోవడం. 1987లో పాల్ విక్సీ రాసిన క్రాన్ ఆ తర్వాత చాలా లినక్స్ యంత్రాల్లోకి పాకింది. అయిదు నిమిషాలకోసారి అని చెప్పడానికి నక్షత్రం పక్కన గీత గీసి 5 వేసే సౌకర్యం ఆయన చలవే.

వెబ్‌సైట్లు వచ్చాక కథ మలుపు తిరిగింది. వెబ్ సర్వర్ స్వభావం కిరాణా కొట్టు లాంటిది, ఎవరైనా వచ్చి అడిగితేనే కదులుతుంది. రాత్రి లెక్కలు కట్టడం, గడువు దాటినవాళ్ళకు ఎస్సెమ్మెస్ పంపడం, పాత ఫైళ్ళు ఊడ్చేయడం ఎవరూ అడగని పనులు. వెబ్‌సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్ దీనికొక చిత్రమైన ఉపాయం పన్నింది. ఎవరైనా పేజీ తెరిచినప్పుడల్లా, వేళ దాటిన పనులేమైనా మిగిలాయా అని ఓసారి వెతుక్కుంటుంది. ఊరికి సంబంధించిన చిన్న సైటులో ఉదయం ఆరింటికి వార్త రావాలని పెట్టి, పదింటిదాకా ఎవరూ తలుపు తట్టకపోతే ఆ వార్త పదింటికే బయటికొస్తుంది. చవక సర్వర్ల మీద క్రాన్ ముట్టుకోనివ్వని కాలానికి అది సరిపడ్డ ఉపాయమే.

పెద్ద అప్లికేషన్లకు అది చాలలేదు. పైథాన్ వాళ్ళు వాడే సెలెరీలో వేళను చూసేది ఒకరు, పని చేసేది మరొకరు. ‘బీట్’ అన్నది దండోరా వేసి ఊరుకుంటుంది. ‘వర్కర్లు’ వరసలోంచి ఒక్కో పనీ తీసుకుని చేస్తారు. ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్ళు పడే గుంట ఒకటుంది. బరువు పెరిగిందని సర్వర్లను రెండు చేస్తారు, బీట్ కూడా రెండవుతుంది. బాకీ ఉన్నవాడికి ఒకే హెచ్చరిక రెండుసార్లు వెళ్తుంది. అదే డబ్బు కోసే పనైతే? అందుకే రెండుసార్లు నడిచినా ఒకసారి నడిచిన ఫలితమే వచ్చేలా పనిని రాసుకోవాలని అనుభవజ్ఞులు మొత్తుకుంటారు.

వేళ కట్టి చేసే పనికి మనవాళ్ళ చేతికందే ఉదాహరణ బ్యాంకుల నెఫ్ట్. మిర్చి అమ్మిన డబ్బు నెఫ్ట్‌లో వేస్తే రూపాయి రూపాయిగా వెంటనే కదలదు. అరగంటకో బండి. 2019 డిసెంబరు 16 నుంచి ఆ బండ్లు రాత్రింబగళ్ళు రోజుకు 48, ఆదివారాలూ పండగలూ లేవు. అంతకు ముందు సాయంత్రం ఆఖరి బండి తప్పితే మర్నాటిదాకా ఆగాల్సిందే.

గడియారం ఎవరిదన్నది మరో పేచీ. సర్వర్లు సాధారణంగా ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో ఉంటాయి. వాటి అర్ధరాత్రి మన ఉదయం అయిదున్నర. కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం మీదే దేశమంతటి గడియారం నడుస్తోంది కనుక మనకు ఆ అయిదున్నర గంటల తేడా ఏడాది పొడవునా మారదు. డాలస్‌లో ఉన్న మన ఇంజనీరుకు ఆ సుఖం లేదు. అక్కడ మార్చిలో ఒక ఆదివారం రెండు తర్వాత మూడే వస్తుంది, రెండున్నర ఉండదు. నవంబరులో ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. ఆ వేళకు కట్టిన పని ఒకసారి ఎగిరిపోవచ్చు, ఇంకోసారి జంటగా నడవచ్చు.

ఇవన్నీ కళ్ళకు కనపడే తప్పులు. అసలు భయం చప్పుడు లేకుండా ఆగిపోయే పనితో. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశాడు. రోజూ నకలు తీసే పని ఉందిగా అని చూస్తే, ఆ నకళ్ళు ఉండాల్సిన చోటు ఖాళీ. నకలు తీసే పనిముట్టు వెర్షన్ ఒకటి, డేటాబేస్ వెర్షన్ మరొకటి కావడంతో ఆ పని మొరాయిస్తూనే ఉంది. విఫలమైనప్పుడు క్రాన్ ఈమెయిల్ పంపుతూనే ఉంది కూడా. సరైన సంతకం లేదని ఆ ఉత్తరాలను అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసుకున్న నకలు ఒకటి దొరికింది.

క్రాంటాబ్ గళ్ళలో ఒక పాత మెలిక ఇప్పటికీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్లు ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇస్తారు. ఒకటో తారీఖు ఆదివారమైతే ముందు రోజే ఇచ్చేస్తారు, 2024 ఆగస్టు 31న, నవంబరు 30న అలాగే ఇచ్చారు. ఈ నియమాన్ని క్రాంటాబ్‌లో రాయమంటే కొత్తవాడు తేదీ గడిలో 1, వారం గడిలో ఆదివారానికి 0 పెట్టి చూస్తాడు. ఆ రెండు గళ్ళూ నింపితే క్రాన్‌కు ‘ఒకటో తారీఖూ, ఆదివారమూ కలిసిన రోజు’ అని కాదు, ‘ఒకటో తారీఖున గానీ, ఏ ఆదివారమైనా గానీ’ అని అర్థమవుతుంది. నెలకు అయిదారుసార్లు నడుస్తుంది. పని సరిగ్గా జరగాలంటే రెండు వరసలు రాసుకోవాలి. ఒకటి ఒకటో తారీఖున లేచి, ఇవాళ ఆదివారమైతే ఊరుకోవాలి. రెండోది ప్రతి శనివారం లేచి, రేపు ఒకటో తారీఖేనా అని చూసుకుని, కాకపోతే మళ్ళీ పడుకోవాలి.