డిసెంబర్ 25, జనవరి 6: ఒకే పండుగ, రెండు తేదీలు

డిసెంబర్ రెండో వారానికల్లా మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో డాబాల మీద నక్షత్రాలు వెలుగుతాయి. వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టే నక్షత్రాలు తగ్గాయి. దుకాణంలో కొన్న ప్లాస్టిక్ నక్షత్రాలే ఎక్కువ. రాత్రి తొమ్మిది దాటాక క్యారల్స్ బృందం ట్రాలీ ఆటోలో మైకు, డోలక్, కంజీర పెట్టుకుని బయలుదేరుతుంది. ఒక్కో ఇంటి ముందు ఒక పాట, ఒక ప్రార్థన. ఇంటివాళ్లు కానుక కవరు ఇచ్చి, అందరికీ టీ పోస్తారు. ఆఖరి ఇంటికి వెళ్లేసరికి తెల్లవారుజాము అవుతుంది. ఈలోగా ఒక సంఘంలో సెమీ క్రిస్మస్, ఇంకో సంఘంలో ఐక్య క్రిస్మస్, సెలవులకు ముందు బడిలో పిల్లల నాటిక. అసలు రోజు రాకముందే మూడు నాలుగు చోట్ల కేకు కోసేసి ఉంటారు. ప్రసంగీకులు ఒకే రోజు అన్ని చోట్లకూ వెళ్లలేరు కాబట్టి పండుగ నెలంతా పరుచుకుంది. మన చిన్న సంఘాలు తమ అవసరం కొద్దీ తెచ్చుకున్న ఈ పద్ధతి నాకు అందంగానే కనిపిస్తుంది.

మరి ఆ అసలు రోజు ఎక్కడిది? మత్తయి, లూకా సువార్తలు యేసు పుట్టుకను వివరంగా చెప్పాయి గానీ నెల, తేదీ చెప్పలేదు. తొలి క్రైస్తవులకు పునరుత్థాన పండుగే పెద్ద పండుగ. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాకు చెందిన క్లెమెంట్, కొందరు ఈ పుట్టుకను మే నెలలో, కొందరు ఏప్రిల్‌లో లెక్కిస్తున్నారని రాశాడు. డిసెంబర్ 25 మొదట స్పష్టంగా కనిపించేది రోమ్‌లో, 354లో కూర్చిన ఒక పంచాంగ గ్రంథంలో. అందులోని జాబితా 336 నాటిదని పండితుల లెక్క. 386లో అంతియొకయలో క్రిసోస్తొమ్ ప్రసంగిస్తూ, ఈ రోజు మన ఊరికి తెలిసి ఇంకా పదేళ్లు కాలేదని చెప్పాడు.

ఏటా డిసెంబర్‌లో ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతుంది: క్రిస్మస్ అంటే రోమన్ల సూర్యుడి పండుగే అని. అంత తేలిగ్గా తీర్పు చెప్పడానికి లేదు. ఆరేలియన్ చక్రవర్తి 274లో సూర్యుడికి గుడి కట్టించిన మాట నిజం. కానీ డిసెంబర్ 25న సూర్యుడి జన్మదినం జరిగేదనడానికి దొరికే తొలి ఆధారం కూడా ఆ 354 నాటి గ్రంథమే. ఎవరి తేదీని ఎవరు తీసుకున్నారో అది తేల్చదు. యేసు గర్భస్థుడైన రోజు మార్చి 25 అని నమ్మి, తొమ్మిది నెలలు కలిపి ఈ తేదీకి వచ్చారన్న మరో వాదనకూ బలం ఉంది.

తూర్పు సంఘాలది ఇంకో దారి. వాళ్లు జనవరి 6న యేసు పుట్టుకనూ, బాప్తిస్మాన్నీ కలిపి స్మరించేవారు. తర్వాత చాలామంది పుట్టుకను డిసెంబర్ 25కు మార్చి, బాప్తిస్మాన్ని 6నే ఉంచారు. పడమటి సంఘాలు ఆ రోజును తూర్పు దేశపు జ్ఞానులు శిశువును చూడవచ్చిన దినంగా పాటించాయి. ఆర్మీనియన్లు మాత్రం విడదీయలేదు. ఇప్పటికీ వాళ్ల క్రిస్మస్ జనవరి 6నే.

ఆ ఆర్మీనియన్లు మనకు పరాయివాళ్లు కారు. గోల్కొండ రోజుల్లో వ్యాపారానికి వచ్చి ఇక్కడే కన్నుమూసినవారి సమాధులు ఉప్పుగూడలో ఉన్నాయి. అదే కాలంలో మచిలీపట్నంలో డచ్చివారి కోఠీ, 1611 నుంచి ఇంగ్లీషువారి కోఠీ ఉండేవి. పోప్ గ్రెగరీ 1582లో క్యాలెండర్ సవరించి, అక్టోబర్ 4 మర్నాడు 15 అన్నాడు. హాలండ్ వెంటనే ఒప్పుకుంది. ఇంగ్లండ్ 1752 దాకా ఒప్పుకోలేదు. కాబట్టి 17వ శతాబ్దపు మచిలీపట్నంలో డచ్చివారి కాగితాల మీద డిసెంబర్ 25 వచ్చిన పది రోజులకు గానీ, పక్క కోఠీలోని ఇంగ్లీషువారి కాగితాల మీద ఆ తేదీ వచ్చేది కాదు. దృక్ సిద్ధాంతం, పూర్వ సిద్ధాంతం అంటూ పంచాంగకర్తలు ఒకే పండుగకు రెండు రోజులు చెప్పడం చూసిన మనకు ఇది వింతేమీ కాదు.

రష్యన్లు, సెర్బులు, ఈజిప్టులోని కోప్టులు, ఇథియోపియా వాళ్లు జనవరి 7న క్రిస్మస్ జరపడానికి కారణమూ ఇదే. వాళ్లు వేరే పుట్టిన రోజును నమ్మడం లేదు. పాత లెక్క ప్రకారం ఆ రోజే వాళ్లకు క్రిస్మస్. రెండు క్యాలెండర్ల మధ్య ఎడం ఇప్పుడు 13 రోజులు. 2100 తర్వాత 14 అవుతుంది. యుక్రెయిన్ 2023లో డిసెంబర్ 25కు మారింది.

మన నేల మీద తేదీ గొడవ లేదు, పద్ధతుల్లోనే తేడా. మేడ్చల్‌కు దిగువన బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఉంది. విక్టోరియా రాణి సొంత సొమ్ముతో, నిజాం ఇచ్చిన స్థలంలో కట్టింది. కంటోన్మెంటు దొరల కేకూ, క్రిస్మస్ చెట్టూ అలాంటి చోట్ల నుంచే ఊళ్లోకి నడిచాయి. కథోలికులకు అర్ధరాత్రి పూజ ముఖ్యం. పశువుల పాక బొమ్మలు పెట్టే ఆచారాన్ని 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ చేసిన ఏర్పాటుతో ముడిపెడతారు. నగరంలోని మలయాళీ ఆర్థడాక్సులు డిసెంబర్ 1 నుంచి 25 రోజులు మాంసం మాని ఉపవాస నియమం పాటిస్తారు. పండుగ ఆరాధనలో గుంటలో నిప్పు రాజేసి, సాంబ్రాణి వేసి, చుట్టూ తిరుగుతారు. బ్రదరెన్ సంఘాల్లో కొన్ని, లేఖనాల్లో లేని పండుగ మనకెందుకని అసలు జరపవు. వాళ్లది వెలితి కాదు, ఒక నిష్ఠ. 31వ తేదీ రాత్రి వాచ్ నైట్ ఆరాధనలో అందరూ వాగ్దాన కార్డు అందుకుంటారే, ఆ ఆరాధనను మొరేవియన్ల నుంచి నేర్చుకుని వ్యాప్తి చేసింది జాన్ వెస్లీ.

ఆ వెస్లియన్ మిషన్ వారే మన ఉత్తరాన మెదక్ చర్చి కట్టారు. కరవు కాలంలో చార్లెస్ వాకర్ పాస్నెట్ జనానికి పని కల్పించి, కూలీగా తిండి పెట్టి లేపిన కట్టడం అది. దాని ప్రతిష్ఠ 1924 డిసెంబర్ 25న జరిగింది. జనవరి 6కూ తెలంగాణలో ఒక రాతి గుర్తు ఉంది. బిషప్ అజరయ్య డోర్నకల్‌లో కట్టించిన ఆలయానికి ఆ పండుగ పేరే పెట్టి, ఎపిఫనీ కెథడ్రల్ అన్నారు. దాన్ని 1939లో సరిగ్గా ఆ రోజే ప్రతిష్ఠించారు. డిసెంబర్ 25న మేడ్చల్ మీదుగా మెదక్ వెళ్లే వేలమందిలో మీరూ ఉంటే, మరో పన్నెండు రోజులు ఆగి డోర్నకల్ కూడా చూసి రండి.