ఇంజను సంపీడన పరీక్ష

ఇంజను సంపీడన పరీక్ష (వాడుకలో కంప్రెషన్ టెస్టు) అనగా అంతర్దహన యంత్రంలోని ఒక్కొక్క సిలిండరులో పిస్టను పైకి వచ్చినపుడు ఏర్పడే గరిష్ఠ పీడనాన్ని కొలిచే పద్ధతి. పాత కారు కొనేముందు, ఇంజనును విప్పకుండానే దాని లోపలి అరుగుదలను అంచనా వేయడానికి ఈ పరీక్ష ఉపయోగపడుతుంది. అయితే ఒక్క అంకెను చూసి నిర్ణయానికి రాకూడదు. సిలిండర్ల మధ్య తేడాను, నూనె పోసిన తరువాత వచ్చే మార్పును కలిపి చూసినపుడే ఫలితం అర్థమవుతుంది.

విధానం

పెట్రోలు ఇంజనును వేడెక్కించి, ఆపి, స్పార్కు ప్లగ్గులన్నీ తీస్తారు. ఇంధన సరఫరాను, ఇగ్నిషనును నిలిపివేస్తారు. ఒక ప్లగ్గు రంధ్రంలో పీడన మాపకాన్ని బిగించి, యాక్సిలరేటరును పూర్తిగా తొక్కి ఉంచి, మాపకం ముల్లు ఐదారు సార్లు కదిలేవరకు స్టార్టరు మోటారుతో ఇంజనును తిప్పుతారు. ఇదే విధంగా అన్ని సిలిండర్లను కొలుస్తారు. బ్యాటరీ బలహీనంగా ఉంటే కొలతలు తక్కువగా వస్తాయి.

ఫలితాల విశ్లేషణ

పెట్రోలు ఇంజనులలో చదరపు అంగుళానికి సాధారణంగా 120 నుండి 200 పౌండ్ల పీడనం ఉంటుంది. డీజిలు ఇంజనులలో ఇది 300 పైబడి ఉంటుంది. సరైన విలువను ఆ కారు తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చూడాలి. అతి తక్కువ కొలత, అతి ఎక్కువ కొలతలో కనీసం 75 శాతం ఉండాలన్నది వాడుకలోని నియమం.

* ఒక సిలిండరులోనే తక్కువైతే: ఆ సిలిండరు రింగులలో గాని, వాల్వులలో గాని లోపం ఉండవచ్చు.
* పక్కపక్కనున్న రెండింటిలో తక్కువైతే: హెడ్ గాస్కెట్ కాలిపోయి ఉండవచ్చు.
* అన్నింటిలో సమానంగా తక్కువైతే: సాధారణ అరుగుదల, లేదా టైమింగు బెల్టు పళ్ళు తప్పడం కారణం కావచ్చు.
* నిర్దేశిత విలువ కంటే ఎక్కువైతే: దహన గదిలో మసి పేరుకుని ఉండవచ్చు.

తడి పరీక్ష

తక్కువ పీడనమున్న సిలిండరులో ఒక చెంచా ఇంజను నూనె పోసి మళ్ళీ కొలుస్తారు. నూనె పిస్టను చుట్టూ ఉన్న సందులను తాత్కాలికంగా మూస్తుంది. కనుక పీడనం బాగా పెరిగితే లోపం రింగులలో గాని సిలిండరు గోడలో గాని ఉన్నట్లు. పెరగకపోతే వాల్వులను, గాస్కెట్‌ను అనుమానించాలి. డీజిలు ఇంజనులపై ఈ పరీక్ష చేయరాదు.

ఉదాహరణ

1983 నుండి 2014 వరకు తయారైన మారుతి 800 కారులో మూడు సిలిండర్లు ఉంటాయి. అటువంటి ఒక కారులో 175, 170, 110 కొలతలు వచ్చాయనుకుందాం. 175లో 75 శాతం సుమారు 131 కనుక మూడవ సిలిండరులో లోపమున్నది. నూనె పోశాక అది 150కి పెరిగితే ఇంజనును పూర్తిగా విప్పి రింగులు మార్చవలసి రావచ్చు, రీబోరింగు కూడా అవసరం కావచ్చు. 112 దగ్గరే ఆగితే హెడ్డు విప్పి వాల్వులు సరిచేయడంతో సరిపోవచ్చు. ఈ రెండు పనుల ఖర్చులో చాలా తేడా ఉన్నందున, కారు ధరను నిర్ణయించుకునే ముందే ఈ విషయం తేల్చుకోవాలి.

జాగ్రత్తలు

సముద్రమట్టం నుండి ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలుచబడి కొలత తగ్గుతుంది. ప్రతి 300 మీటర్లకు ఈ తగ్గుదల సుమారు 3 శాతం. సుమారు 395 మీటర్ల ఎత్తున ఉన్న నిజామాబాదులో 4 శాతం వరకు తగ్గినా దానిని లోపంగా భావించనవసరం లేదు. అమ్మేముందు చిక్కటి నూనె పోస్తే అరిగిన రింగులు కూడా కొంత మంచి కొలతను చూపవచ్చు. అందుచేత పొగ గొట్టం నుండి నీలిరంగు పొగ వస్తున్నదేమో, నూనె ఎంత త్వరగా తరుగుతున్నదో కూడా పరిశీలించాలి. సందేహం మిగిలితే, సిలిండరులోకి గాలిని పంపి అది ఎటు కారుతున్నదో చూసే లీక్‌డౌన్ పరీక్ష చేయించాలి.