విజయనగరం నుండి 2504 వరకు: ‘ఆదిత్య 369’లోని రెండు కాలాలు

తెలుగు చలనచిత్రాలలో మాయలకు, మంత్రాలకు ఏనాడూ కొరత లేదు. 1951లో ‘పాతాళభైరవి’, 1957లో ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి చేతిలో ఆ విద్య పరాకాష్ఠకు చేరుకొన్నది. అయితే ఆ చిత్రాలలోని అద్భుతమంతా పురాణ కాలానికో, జానపద కాలానికో చెందినది. రాబోవు కాలాన్ని, అందునా భయం గొలిపే కాలాన్ని చూపిన తెలుగు చిత్రాలు బహు స్వల్పం. వాటిలో ముందుగా స్మరింపదగినది 1991 జూలై 18న విడుదలయిన ‘ఆదిత్య 369’.

భవిష్యత్తులో సమాజం చెడిపోయి మనిషి బ్రతుకు నరకప్రాయమయినట్లు చిత్రించే కథలను ‘డిస్టోపియా’ కథలని వ్యవహరిస్తారు. ఆదర్శ రాజ్యానికి పేరుగా ‘యుటోపియా’ అను పదాన్ని ఆంగ్లేయుడైన థామస్ మోర్ 1516లో కల్పించాడు. దానికి విరుద్ధార్థమే డిస్టోపియా. ఆ 1516 నాటికి విజయనగర సింహాసనంపై శ్రీకృష్ణదేవరాయలు ఉండడం ఒక విశేషం. సినిమాలో ఈ కోవకు ప్రసిద్ధమయిన ఉదాహరణ జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన మూకీ చిత్రం ‘మెట్రోపోలిస్’ (1927). అందులో యజమానులు ఆకాశాన్నంటే మేడలలోను, కార్మికులు భూగర్భంలోను నివసిస్తారు.

‘ఆదిత్య 369’ దర్శకులు సింగీతం శ్రీనివాసరావు. వీరు కె.వి.రెడ్డి వద్ద సహాయకులుగా పని నేర్చినవారు. సంభాషణలు లేకుండా 1987లో బెంగుళూరులో ‘పుష్పక విమానం’ తీసినవారూ వీరే. (మాటలే లేవు గనుక దానికి ఏ భాషలోకీ అనువాదం అక్కరలేకపోయింది.) హెచ్.జి.వెల్స్ 1895లో ప్రచురించిన ‘ది టైమ్ మెషీన్’ నవల ఈ చిత్రానికి ప్రేరణ. అయితే వెల్స్ కథానాయకుడు ముందుకే ప్రయాణించగా, సింగీతం వారి యంత్రం మొదట వెనుకకు, ఆ తరువాత ముందుకు పోతుంది. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం సమర్పణలో శివలెంక కృష్ణప్రసాద్ దీనిని నిర్మించారు. సంభాషణలు జంధ్యాల, సంగీతం ఇళయరాజా. తమిళంలో ‘అపూర్వ శక్తి 369’ అను పేరుతో అనువాదమయింది.

కథ హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక వజ్రాన్ని దొంగిలించే ప్రయత్నంతో మొదలవుతుంది. ఒక శాస్త్రవేత్త నిర్మించిన కాలయంత్రంలో నాయకుడు కృష్ణకుమార్, నాయిక హేమ 1526 నాటి విజయనగరానికి చేరుకొంటారు. అక్కడ రాయలు, తెనాలి రామకృష్ణుడు, సభ, నాట్యం, సంగీతం అన్నీ కన్నుల పండువగా ఉంటాయి. కృష్ణకుమార్‌గాను, రాయలుగాను నందమూరి బాలకృష్ణయే నటించారు. పిదప యంత్రం వారిని 2504వ సంవత్సరానికి చేరుస్తుంది. మూడవ ప్రపంచ యుద్ధంలో ప్రయోగించిన అణ్వస్త్రాల వలన భూమి ఉపరితలం నివాసయోగ్యం కాకుండా పోయింది. మిగిలినవారు భూగర్భంలో తలదాచుకొన్నారు.

నిజం చెప్పవలసివస్తే, భవిష్యత్తు ఘట్టం రాయల ఘట్టమంత పుష్టిగా లేదు. అక్కడి దుస్తులు, అలంకరణ విదేశీ చిత్రాలను తలపిస్తాయి. రాయల సభలో మాత్రం పాట, మాట, పద్యం మన ఇంటివి. అందుచేతనే ప్రేక్షకులు గతమంతా వైభవమని, భవిష్యత్తంతా వినాశమని భావించి ఇంటికి పోయే అవకాశం ఉన్నది.

కాని చరిత్ర తెలిసినవారికి వేరొక సంగతి స్ఫురిస్తుంది. కృష్ణదేవరాయలు 1509 నుండి 1529 వరకు పాలించారు. 1520 ప్రాంతంలో ఆ నగరాన్ని చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ దానిని రోమ్ నగరంతో పోల్చాడు. కృష్ణకుమార్, హేమ అక్కడ అడుగుపెట్టిన 1526వ సంవత్సరానికి సరిగా 39 ఏండ్ల తరువాత, 1565 జనవరిలో, తళ్ళికోట యుద్ధం జరిగింది. అళియ రామరాయలు యుద్ధభూమిలో హతుడయ్యాడు. నెలల తరబడి నగరం దోపిడికి గురయింది, మరల కోలుకొనలేదు. రాజకుటుంబం పెనుకొండకు, కాలక్రమాన చంద్రగిరికి, వేలూరుకు తరలిపోయింది. చిత్రంలో ఆ సభాభవనంలో నాట్యాన్ని తిలకించే బాలబాలికలలో చాలమంది, వారు బ్రతికి ఉంటే, ఆ మంటలను నడివయస్సులో చూచి ఉండేవారు. కాలయంత్రం 1526 నుండి 2504కు దూకుతూ 1565 మీదుగా దాటిపోయింది.

కనుక యుద్ధం వలన మహానగరం పాడుపడే దృశ్యానికై 2504 వరకు వేచి ఉండనక్కరలేదు. బళ్ళారి, హోస్పేట పరిసరాలలోని తెలుగు కుటుంబాలకు హంపి ఒక పూట ప్రయాణం. తుంగభద్ర దక్షిణపుటొడ్డున మైళ్ళ పొడవునా పరచుకొన్న ఆ శిథిలాలను 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. అక్కడి శాసనాలు కన్నడంలోను, తెలుగులోను, తమిళంలోను, సంస్కృతంలోను ఉన్నవి. రాయలు ఎవరివాడన్న వాదం సరిహద్దుకు ఇరుప్రక్కలా నేటికీ వినవస్తుంది. పాడుపడినది మాత్రం ఆ భాషలవారందరి నగరం.

కంప్యూటర్ గారడీ అందుబాటులో లేని ఆ రోజులలో, సెట్టింగులతోను కెమెరా ఉపాయాలతోను ఈ మూడు కాలాలనూ సృష్టించారు. పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్ అను ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు. 2025 ఏప్రిల్ 4న ఈ చిత్రం నవీకరింపబడి మరల విడుదలయింది. అంతకు ముందు 2024 జూన్ 27న నాగ్ అశ్విన్ దర్శకత్వంలో ‘కల్కి 2898 ఏడీ’ వచ్చింది. సింగీతం ఆ చిత్రానికి మార్గదర్శకులుగా వ్యవహరిస్తారని 2020లోనే ప్రకటించారు. అందులో భూమిపై మిగిలిన చివరి నగరం కాశి. గంగ ఎండిపోయింది. నీరు, పచ్చదనం, ఆహారం ఆకాశంలో నిలిచిన ‘కాంప్లెక్స్’లోని వారికి మాత్రమే దక్కుతాయి. ‘మెట్రోపోలిస్’లోని పై అంతస్తు, క్రింది అంతస్తు అక్కడ మరల కానవస్తాయి.