డెల్టా నిద్రాజనక పెప్టైడు

డెల్టా నిద్రాజనక పెప్టైడు అనేది తొమ్మిది అమైనో ఆమ్లాలు గొలుసుగా చేరి ఏర్పడిన ఒక చిన్న పెప్టైడు. దీనిని సంక్షిప్తంగా డి.ఎస్.ఐ.పి. అంటారు. దీని ఔషధ నామం ఎమిడెల్టైడ్. మొదట దీనిని కుందేళ్ళ రక్తం నుండి వేరుచేశారు. తరువాతి పరిశోధనలలో ప్రయోగశాలలో తయారైన కృత్రిమ రూపాన్ని వాడుతూ వచ్చారు. గాఢనిద్రను కలిగిస్తుందని భావించి ఈ పేరు పెట్టినప్పటికీ, ఆ గుణం నిర్ద్వంద్వంగా నిరూపితం కాలేదు.

చరిత్ర

స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో మోనియే, షోనెన్‌బెర్గర్ల బృందం ఈ పదార్థాన్ని కనుగొన్నది. వీరు కుందేలు మెదడులోని థలామస్ అనే భాగాన్ని స్వల్ప విద్యుత్తుతో ప్రేరేపించి దానిని నిద్రపుచ్చేవారు. అప్పుడు మెదడు నుండి తిరిగివచ్చే సిరల రక్తాన్ని డయాలిసిస్ పద్ధతిలో వడపోసి, లభించిన పదార్థాన్ని మరొక కుందేలు మెదడులోనికి ఎక్కించేవారు. ఆ రెండవ కుందేలు మెదడులో డెల్టా తరంగాలు అధికమయ్యాయి. సెకనుకు సుమారు 4 ఆవృత్తులకు మించని ఈ నెమ్మది తరంగాలు గాఢనిద్రకు చిహ్నాలు. పెప్టైడు నిర్మాణాన్ని ఈ బృందం 1977లో ప్రకటించింది.

నిర్మాణం

ఇందలి అమైనో ఆమ్లాల వరుస ఇది: ట్రిప్టోఫాన్, అలనీన్, గ్లైసీన్, గ్లైసీన్, ఆస్పార్టిక్ ఆమ్లం, అలనీన్, సెరీన్, గ్లైసీన్, గ్లుటామిక్ ఆమ్లం. దీని అణుభారం సుమారు 849. రక్తంలోని ఎంజైములు దీనిని త్వరగా విచ్ఛిన్నం చేస్తాయి.

నిద్రపై ప్రభావం

1980వ దశకంలో నిద్రలేమితో బాధపడేవారికి దీనిని సిర ద్వారా ఇచ్చి పరీక్షించారు. కొన్ని అధ్యయనాలలో నిద్ర మెరుగుపడినట్లు కనిపించింది. అయితే మందు ఎవరికి ఇచ్చారో, ఉత్తుత్తి మందు ఎవరికి ఇచ్చారో రోగులకూ వైద్యులకూ తెలియనీయకుండా జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 1992లో వెలువడ్డాయి. అందులో కనబడిన మేలు స్వల్పమే. దీర్ఘకాలిక నిద్రలేమికి ఇది చెప్పుకోదగిన చికిత్స కాజాలదని పరిశోధకులు తేల్చారు. మోతాదు పెంచిన కొద్దీ ఫలితం పెరగకపోవడం దీని మరొక విశేషం. శరీరంలో దీని పరిమాణం పగటికీ రాత్రికీ మారుతుందని కూడా కొందరు పరిశోధకులు తెలిపారు.

మెదడు రక్షణ

మెదడుకు రక్తప్రసరణ ఆగినపుడు కలిగే నష్టాన్ని ఈ పెప్టైడు తగ్గించగలదా అన్న విషయాన్ని ముఖ్యంగా రష్యాలో పరిశోధించారు. 2021లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, మెదడు రక్తనాళాన్ని తాత్కాలికంగా మూసిన ఎలుకలకు దీనిని ముక్కు ద్వారా ఇచ్చారు. వాటి అవయవాల కదలిక త్వరగా కోలుకున్నది. కాని మెదడులో దెబ్బతిన్న భాగం పరిమాణంలో గణాంకరీత్యా నమ్మదగిన తేడా కనిపించలేదు. ఎలుకలలో లభించిన ఈ ఫలితాన్ని పక్షవాత రోగులకు అన్వయించడానికి మనుషులపై పరీక్షలు అవసరం.

తేలని ప్రశ్నలు

శరీరంలో ఇటువంటి పెప్టైడు తయారు కావాలంటే సాధారణంగా దానికి, లేదా దాని మాతృక ప్రోటీనుకు, ఒక జన్యువు ఉండాలి. డి.ఎస్.ఐ.పి.కి అటువంటి జన్యువు గాని, ఇది అంటుకొనే ప్రత్యేక గ్రాహకం గాని నిర్ధారణ కాలేదు. అందుచేత ఇది మెదడు సహజంగా తయారుచేసే నిద్రాపదార్థమేనా అన్న సందేహం మిగిలి ఉన్నది.

వినియోగం, జాగ్రత్తలు

పరిశోధనకు మాత్రమే అన్న పేరుతో ఈ పెప్టైడు అంతర్జాలంలో విక్రయింపబడుతున్నది. 2023లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ దీనిని మందుల దుకాణాలలో కలిపి తయారుచేసే ఔషధాలకు సంబంధించి, భద్రతాపరమైన ప్రమాదాలు ఉండగల పదార్థాల వర్గంలో చేర్చింది. పేరులో నిద్ర ఉన్నంత మాత్రాన దీనిని నిద్రమందుగా పరిగణించరాదు. నిద్రలేమి గలవారు వైద్యుని సలహా లేకుండా దీనిని వాడకూడదు.