కల్లంగడి ఎవరిది?

మా జేజినాయన వాళ్ళ నాయనకు కడప జిల్లాలో కల్లంగడి ఉండేదని మా ఇంట్లో అందరూ చెబుతారు. చూసినవాళ్ళు ఎవరూ లేరు. మేం కల్లుగీత కులమైన ఈడిగలం కాబట్టి ఊరు కూడా ఆ మాట నమ్మింది. నాకు మాత్రం ఆయన అంగడి పాడుకున్నాడా, అందులో కూర్చుని అమ్మాడా, చెట్టెక్కి గీశాడా అన్నది తేలాలి. ఈ మూడూ ఒకటి కావు.

1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం కింద కల్లు గీయాలంటే సర్కారు లైసెన్సు ఉండాలి. చెట్టు పన్ను అమల్లో ఉన్నచోట ఈతచెట్టుకు ఇంత, తాటిచెట్టుకు ఇంత అని కట్టాలి. కట్టిన చెట్టుకు గుర్తు వేసేవాళ్ళు. గుర్తు లేని చెట్టుకు కుండ కడితే కేసే. అంగడి హక్కు వేరు, అది వేలంలో పోయేది. వేలం పాడాలంటే చేతిలో డబ్బుండాలి, జామీను నిలబడే మనిషుండాలి. అందుకే చాలాచోట్ల పాటదారు ఒకడు, అతని తరఫున కొలిచి పోసేవాడు ఇంకొకడు, తెల్లారకముందే మోకు భుజాన వేసుకుని వంక గట్టుకు పోయేవాడు మరొకడు.

ఈతచెట్టు గీయడం మాటలు కాదు. మొవ్వ కింద మట్టలు కొట్టి, చెక్కు తీసి, పలచగా గాటు పెట్టాలి. లోతుగా తెగితే చెట్టే చచ్చిపోతుంది. కొన్నాళ్ళు గీసి కొన్నాళ్ళు ఆరబెట్టాలి. పాత ఈతమాను చూడండి, ఈ పక్క ఒక గాటు, దాని పైన ఆ పక్క ఇంకొకటి. ఒక్కో గాటు ఒక్కో ఏడు. ఆ గాట్లు పెట్టినవాడి పేరు మాత్రం కాగితాల్లో సులువుగా దొరకదు.

ఇంగ్లండులో తాత పబ్బు నడిపాడేమో తెలుసుకోవాలంటే 1841 నుంచి జనగణన పుస్తకాల్లో పేరు, వృత్తి చూసుకోవచ్చు. మన దగ్గర మొత్తాలు అచ్చువేశారు, మనుషుల పేర్లున్న చీటీలు దాచలేదు. నాకు దారి చూపింది మా పొలం దస్తావేజు నకలు. ఆ కాలంలో పేరు పక్కనే తండ్రి పేరు, కులం, జీవనం రాసేవాళ్ళు. మా పెద్దాయన జీవనం కల్లుగీత. సాక్షుల్లో ఒకాయనది అబ్కారీ కంట్రాక్టు. అంగడి ఆ సాక్షిదే అయ్యుండాలి.

రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మొదలుపెట్టిన మద్యనిషేధం మరుసటేడు కడప, చిత్తూరు జిల్లాలకు వచ్చింది. పోయిన అబ్కారీ రాబడిని పూడ్చుకోవడానికి ఖజానా 1939లో అమ్మకపు పన్ను తెచ్చుకుంది. కంట్రాక్టరు డబ్బు ఇంకో వ్యాపారంలో పెట్టుకోగలడు. గీతగాడి చేతిలో ఉన్నది ఆ ఒక్క విద్యే. మా జేజినాయన కూలికి పోయింది ఆ తర్వాతే.

మావాళ్ళు అంగడి ఉండేదని చెప్పుకోవడంలో గౌరవం చూశారు. చెట్టు చావకుండా ఏళ్ళ తరబడి గీసిన చేతికే నేను ఎక్కువ గౌరవమిస్తాను.

మీ ఇంట్లో పాత దస్తావేజులుంటే హద్దులు చూసి కట్టేయకండి. జీవనం రాసిన చోటు, సాక్షుల పేర్లు కూడా చదవండి. అసలు పోయి ఉంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు అడగండి.